తొలిచూలు గదికి సున్నం

నేను ఏడో తరగతి పరీక్ష ఒక్కసారే రాశాను, తప్పాను. మళ్లీ రాయమని సారు ఇంటిదాకా వచ్చాడు. "ఒకసారి తప్పినోనికి రెండోసారి సులువురా. ప్రశ్నలు ఎట్లుంటయో ఎరుకయింది గద," అన్నాడు. "ఎరుకైన ప్రశ్నలకు మళ్ల జవాబులెందుకు సార్," అని చెప్పి నేను కాలువ కట్ట మీదికి ఉరికాను. ఆయన నవ్వాడో తిట్టాడో వెనక్కి తిరిగి చూడలేదు. ఆ మాటలో ఎంత పెద్ద సంగతి ఉందో తెలియడానికి నాకు పదిహేనేళ్ల పైన పట్టింది. అదీ లెక్కల్లోనో ఇంగ్లీషులోనో కాదు, చలిజ్వరం విషయంలో. చెప్పింది ఒక డాక్టరమ్మ. నా బుర్రకెక్కించింది మా చెల్లె.

మాది మిర్యాలగూడ పక్కన, వేములపల్లి పోయే దారిలో చిన్న ఊరు. సాగర్ ఎడమ కాలువ వచ్చాక మా దిక్కున రెండు పంటల వరి మొదలైంది. నీళ్ల వెనక వరి, వరి వెనక రైసు మిల్లులు వచ్చాయి. వీటన్నిటికంటే ముందు, పిలవని పేరంటానికి వచ్చినట్టు, దోమ వచ్చింది. ఎనభైల మొదట్లో నేను మలేరియా మందు కొట్టే గుంపులో చేరాను. వానలు పడ్డాయంటే ఆరుగురం, రెండు పంపులు, నాలుగు సైకిళ్లు. ఒకడు పంపు అడుగును కాలితో తొక్కిపట్టి చేత్తో కొడుతుంటే, ఇంకొకడు పొడుగు గొట్టం పట్టుకుని గోడల మీద పైనుంచి కిందికి చల్లుకుంటూ పోయేవాడు. ఆరాక గోడల నిండా తెల్లటి చారలు పడేవి. వాసన వారం దాకా పోయేది కాదు.

గుంపులో నా అసలు పని పంపు కాదు, నోరు. ఎందుకంటే ఏ ఇంటి ముందుకు పోయినా ఇదే పాట: "దేవుని అర్రల వద్దు. వంటింట్ల వద్దు. ఆ మూలకు పచ్చడి జాడీలున్నయి, ఆడ అసలే వద్దు."

"మరి యాడ కొట్టాలె అక్కా, నీ నెత్తి మీదనా?"

"నా నెత్తిల దోమలు లేవు, పేన్లే."

"గవ్వి మా డిపార్ట్‌మెంటు గాదు."

ఆమె నవ్వేది. నవ్విందంటే తలుపు తెరిచినట్టే. అట్లా పది వానాకాలాల్లో, మిర్యాలగూడ నుంచి పెద్దవూర దాకా ఏ ఇంట్లో ఎన్ని గదులో, ఏ గదిలో ఏ కోడలు అలిగి పడుకుంటుందో నాకు కంఠతా వచ్చింది. ఈ చదువు బడిలో చెప్పి ఉంటే నేను ఏడు దాటేవాణ్ణేమో.

మందు ఎందుకు కొడతామో మా సూపర్‌వైజరు మొదటి రోజే చెప్పాడు. మనిషిని కుట్టి కడుపునిండా రక్తం తాగిన దోమ బరువెక్కి దూరం ఎగరలేదు. పక్కనే ఉన్న గోడ మీద వాలి కునుకు తీస్తుంది, బువ్వ తిన్నాక మా మేనమామ అరుగు మీద వాలినట్టు. గోడకు మందుంటే అక్కడే చస్తుంది. అంటే మందు పని చేసేది గోడ మీద ఉన్నన్నాళ్లే. కానీ మేం ఇట్లా ఊరు దాటగానే ఆడవాళ్లు అట్లా ఎర్రమట్టి కలిపేవాళ్లు. ఆ చారలు వాళ్ల కంటికి ఆనేవి కావు. మన్ను పూసి, పండగ ముందైతే సున్నం కూడా వేసేవాళ్లు. "మందు మీద మన్ను పూస్తే దోమకు పరుపేసినట్టే అక్కా," అని నేను ఊరూరా అరిచేవాణ్ణి. "నువ్వొచ్చి పండు దాని మీద," అనేవాళ్లు.

అన్ని గదులకంటే ముందు పూత పడే గది ఒకటుంది. కూతుర్ని తొలి కాన్పుకు పుట్టింటికి తెచ్చుకునేటప్పుడు ఆమె ఉండబోయే గదిని కొత్త చేస్తారు. నేల అలుకుతారు, గోడలకు ఎర్రమట్టి మెత్తుతారు, దాని మీద సున్నం రెండు పూతలు. ఆ గదిలో మందు చారలు కనపడితే పుట్టింటికి నామర్దా. వియ్యాలవారు వచ్చి చూస్తారు కదా! దాంతో ఏమయ్యేదంటే, ఇల్లు మొత్తంలో దోమ నిశ్చింతగా పడుకోగలిగిన గది ఏదంటే, ఏడు నెలల కడుపుతో ఉన్న పిల్ల పడుకునే గదే. ఈ సంగతి నేను చాలా ఏళ్ల కిందే గమనించాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అడిగిన మనిషి తొంభైల నడుమ హైదరాబాద్ నుంచి వచ్చింది. సన్నటి డాక్టరమ్మ, మెడలో కళ్లద్దాల తాడు, ఒక జీపు, చల్లటి డబ్బాలు నాలుగు. సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సర్కారు దవాఖానల్లో కాన్పుల గదుల చుట్టూ తిరిగేది. ఆమెకు ఊళ్లూ ఇళ్లూ తెలిసినవాడు, ఆడవాళ్లతో మాట్లాడి చెప్పుదెబ్బలు తినకుండా తిరిగి రాగలిగినవాడు కావాలందట. మా సూపర్‌వైజరు నన్ను చూపించి, "రెండోదానికి గ్యారంటీ లేదు మేడం," అన్నాడట.

ఆమెకు కావలసింది మావి. బిడ్డ పుట్టాక వెనకాల పడే మావి. మా దగ్గర దాన్ని కొత్త కుండలో పెట్టి, పసుపు వేసి, పెరట్లో లోతుగా పాతిపెట్టి పైన రాయి పెడతారు. కుక్క తవ్విందా, బిడ్డకు కీడు. పరాయి చేతికి పోయిందా, తల్లికి పాలు ఎండుతాయి. అట్లాంటిదాన్ని ఈమె ముక్క కోసి డబ్బాలో వేసుకుంటానంటుంది! మొదటి రోజు జీపులో నాకు నోరాగలేదు.

"మావితోని ఏం పని మేడం మీకు? పాతిపెట్టేది గద."

"పాతిపెట్టే ముందు చింతగింజంత ముక్క చాలు నాకు. మలేరియా పురుగు అందులో ఉందో లేదో చూడాలి."

"పురుగు నెత్తురుల గద ఉండేది?"

"అదే నేనూ అనుకునేదాన్ని," అని ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు ఇన్ని ఇళ్లు తిరిగావు కదా, చెప్పు. కడుపుతో ఉన్నవాళ్లలో ఈ జ్వరం ఎవరిని ఎక్కువ పడగొడుతుంది?"

"తొలిచూలోళ్లను," అన్నాను. ఆలోచించే పని లేదు. ప్రతి మంత్రసాని చెప్పే మాటే అది.

"ఎందుకు?"

నా బతుకులో ఎవరైనా నన్ను 'ఎందుకు' అని నిజంగా అడగడం అదే మొదలు. ఎందుకు తాగావు, ఎందుకు ఆలస్యమైంది అని చాలామంది అడిగారు, అవి వేరే. నేను గొంతు సవరించుకుని నా సున్నం కథంతా చెప్పాను: తొలిచూలు, పుట్టిల్లు, కొత్త పూత, మందు పూత అడుక్కు పోవడం, దోమ కునుకు. ఆమె జీపు పక్కకు ఆపించింది. సంచిలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి రాసుకుంది. నా మాట కాగితం మీదికి ఎక్కడం చూసి నాకు మెడ నొప్పి పుట్టింది, అంత పైకి లేపి కూర్చున్నాను.

"ఇది కొంత నిజమే అయి ఉంటుంది. మొత్తం అయి ఉండదు. సున్నం వేయని దేశాల్లో కూడా తొలిచూలువాళ్లనే అది ఎక్కువగా పట్టుకుంటుంది," అంది పుస్తకం మూస్తూ.

"ఆ దేశాలల్ల పుట్టింటోళ్లకు సిగ్గు లేదేమో మేడం."

ఆమె నవ్వింది. కానీ పక్క ఊరు వచ్చేదాకా ఇద్దరం అదే ఆలోచించాం. సున్నం కాకపోతే మరేంది?

ఆ వానాకాలమే మా చెల్లెకు తొలిచూలు. కోదాడ అవతల, అనంతగిరి దిక్కున ఇచ్చాం. ఏడో నెలలో ఇంటికి తెచ్చుకోవాలి. మా గుంపువాళ్లు అప్పటికి మా ఇంట్లో మందు కొట్టి వారమైంది. మా అవ్వ, అంటే మా అమ్మే, మేం అట్లానే పిలిచేవాళ్లం, లోపలి గది గోడలకేసి చూసి నా చేతికి సంచి ఇచ్చింది.

"మిర్యాలగూడ పోయి సున్నం పట్కరా."

"అవ్వా, ఊరందరికీ వద్దని సెప్పేది నేను."

"ఊరందరి బిడ్డలను నేను కన్ననా? రేపు పిల్ల అత్త, కోదాడ వదినె వస్తది. గోడల మీద పిట్ట రెట్టలోలె ఆ చారలేందని అడుగుతది. నువ్వు సెప్తవా జవాబు?"

జవాబులు చెప్పడం చేతనైతే ఏడో తరగతే పాసయ్యేవాణ్ణి. పోయి సున్నం తెచ్చాను. తేవడమే కాదు, ఆమె చేతికి అందని పైభాగం నేనే నిచ్చెనెక్కి వేశాను. శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారే, ఆ బల్లికి బ్రష్ కూడా ఇస్తే నేనే.

చెల్లె వచ్చింది. గది చూసి మురిసింది. వాళ్లత్త కోదాడ నుంచి గాజులతో, మిఠాయితో వచ్చి, కళ్లు నాలుగు మూలలా తిప్పి, "గది బాగానే ఉందండీ వదినగారూ," అని ఒప్పుకుంది. 'బాగానే'లో ఆ 'నే' ఎంత పొడుగ్గా ఉందంటే, ఆమె బస్సెక్కాక కూడా అది మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఇరవై రోజులకు చెల్లెకు జ్వరం వచ్చింది. పెద్దది కాదు. సాయంత్రం కాస్త వణుకు, పొద్దునకు ఏమీ ఉండదు. రెండు రోజులు బాగుండి మళ్లీ. మొహం మాత్రం రోజురోజుకు మా గోడ రంగుకు వస్తోంది. డాక్టరమ్మ అప్పుడు డబ్బాలు తీసుకుని హైదరాబాద్ పోయి ఉంది. వేలు పొడిచి గాజు పలక మీద రక్తం పరచడం ఆమె దగ్గర నేర్చుకున్నాను కాబట్టి నేనే పొడిచాను.

"మెల్లగ అన్నా. గోడకు మందు గొట్టినట్టు గొట్టకు," అంది చెల్లె.

"గోడ ఇంత ఒర్రదు."

పలక మిర్యాలగూడ దవాఖానలో ఇచ్చాను. మర్నాడు ల్యాబాయన నన్ను చూడగానే చెయ్యి ఊపాడు. "మీ చెల్లె నెత్తురు సాఫ్‌గున్నది. పురుగు లేదు, పుట్ర లేదు." పది రోజులకు ఇంకో పలక తీశాను. అదీ సాఫ్. మా అవ్వకు ముందే ఆ చేదు గోలీలంటే పడదు, కడుపులో బిడ్డకు వేడి చేస్తాయని ఆమె భయం. "సూసినవా? నేను సెప్తనే ఉన్న, ఇది కడుపు వేడి," అంది. నేనూ తలూపాను. లేని రోగానికి గోలీలెందుకు అన్నది అవ్వ కాదు, నేనే. గవర్నమెంటు మైక్రోస్కోపు అబద్ధం చెబుతుందా?

ఎనిమిదో నెల నిండకుండానే నొప్పులు వచ్చాయి. మంత్రసానమ్మ కడుపు మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, "దవాఖానకు తోల్కపోండ్రి," అంది. ఆమె అట్లా అనడం మా ఊళ్లో ఎవరూ వినలేదు. ట్రాక్టరు మీద మిర్యాలగూడ చేర్చాం. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తూకం ముల్లు కిలోన్నర దగ్గరికి పోయి, ఇంక కదలనని ఆగిపోయింది. నర్సమ్మ పిల్లను దూదిలో చుట్టి చెల్లె రొమ్ముల మధ్య పెట్టి పైన దుప్పటి కప్పింది. పిల్ల ఏడ్వలేదు. పిల్లి కూన తుమ్మినట్టు ఏదో అంది, అంతే.

ఆ పూటే డాక్టరమ్మ హైదరాబాద్ నుంచి దిగింది. చెల్లె మొహం, కింది రెప్పల లోపలి తెలుపు చూసి, నేను చెప్పిన రెండు పలకల సంగతి విని, "మావి ఎక్కడ?" అంది.

మావి మా అవ్వ ఒళ్లో ఉంది, కుండలో, పసుపు గుడ్డ కింద. కుండను రెండు చేతులా పట్టుకుని గోడకు ఆనుకుంది. "ఇయ్య. బిడ్డ గిట్ల ఉన్నది. ఇది గిన పరాయి చేతికి పోతే ఉన్న పానం గూడ పోతది. నువ్వు ఊర్లోళ్లయి ఇప్పిచ్చినవ్ కొడుకా, నాది ఇప్పియ్యకు."

నేను అందరి దగ్గరా మాట్లాడి మావి ముక్క తెచ్చినవాణ్ణే. మా అవ్వ ముందు మాత్రం కుండ మీది పసుపు గుడ్డనే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు మంచం మీద నుంచి చెల్లె అంది, కళ్లు తెరవకుండానే.

"ఇయ్యవ్వా. జరమా కాదా అని నెల దినాలు మీరే మాట్లాడుకున్నరు. నా కడుపుల ఏమైందో నాకు ఎరుక గావాలె."

అవ్వ కుండను ఒకసారి పొట్టకు అదుముకుంది. తరవాత కుండ దించింది, గుడ్డ తీసింది, మొహం పక్కకు తిప్పుకుంది. "చింతగింజంతనే," అంది.

డాక్టరమ్మ చింతగింజంతే తీసింది. మిగిలింది కుండతో సహా బస్సులో ఊరికి తీసుకుపోయి పాతిపెట్టాం. బస్సులో కండక్టరు కుండ వైపు చూసి, "ఏందమ్మా, పెరుగా?" అన్నాడు. మా అవ్వ వాడి వైపు చూసిన చూపుకు వాడు ఇద్దరికీ టికెట్ కొట్టడమే మరిచాడు. నేనే గుర్తు చేశాను.

మర్నాడు డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసి రెండోది ఆనించాను. మొదట నా రెప్ప వెంట్రుకలే కనిపించాయి. తరవాత గులాబి రంగు పరుపు, దాని మీద నల్లనల్లటి చుక్కలు, గుంపులు గుంపులుగా. నాకు చప్పున ఏం గుర్తొచ్చిందంటే, మా లోపలి గది. తెల్లటి సున్నం గోడ మీద కడుపునిండా తాగి వాలిన దోమలు.

"ఇవేనా మేడం?"

"ఇవే. నిండి ఉంది."

"మరి వేలి నెత్తురుల?"

"వేలిలో ఎందుకుంటాయి? అన్నీ వచ్చి ఇక్కడ అతుక్కుని కూర్చున్నాయి. మావికి అతుక్కోవడం నేర్చిన రకం ఒకటి ఉందని, బయటి దేశాలవాళ్లు ఈ మధ్యనే తెలుసుకుంటున్నారు. వేలు పొడిచి చూస్తే ఒక్కోసారి దొరకదు. ల్యాబాయన తప్పేం లేదు."

ల్యాబాయన తప్పు లేదు. అయితే ఎవరిది? సున్నం వేసిన నా చేతులు బల్ల కిందికి పెట్టుకున్నాను. ఆమె అసలు సంగతి చెప్పింది. పెళ్లికాని పిల్లకు మావి ఉండదు. కాబట్టి చిన్నప్పటి నుంచి ఎన్ని చలిజ్వరాలు పడ్డా, ఆ ఒంటికి ఈ అతుక్కునే రకంతో పరిచయం ఉండదు. తొలిచూలులో మావి వస్తుంది, దానికి అతుక్కునేది వస్తుంది, ఒళ్లు తెల్లబోయి చూస్తుంది. ఈసారి దెబ్బ తిని గుర్తు పెట్టుకుంటుంది. మలిచూలుకు అదే పురుగు వస్తే, నువ్వా, రా నీ సంగతి చెప్తా, అంటుంది.

ఏడో తరగతి సారు మా కాలువ కట్ట మీది నుంచి కేకేసినట్టు వినిపించింది.

"అంటే తొలిసారి ఫెయిలు, రెండోసారి పాసు. ప్రశ్నలు ఎరుకైతయి కాబట్టి."

"అంతే. అందరూ పాసవరు, కానీ చాలామంది అవుతారు. ఆ గుర్తుపట్టడం రక్తంలో ఎక్కడుందో వెతుకుతున్నాం. దొరికితే, పెళ్లికి ముందే ఆడపిల్లల ఒంటికి దాన్ని నేర్పొచ్చు. అదే టీకా."

"అంటే పరీక్షకు ముందే పేపరు లీకు జేసుడు!"

ఆమె అంత పెద్దగా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. "హైదరాబాద్‌లో మా పెద్దసారుకు ఇట్లాగే చెబుతాను," అంది. చెప్పిందో లేదో తెలియదు.

చెల్లెకు గోలీలు మొదలుపెట్టారు, రక్తం ఎక్కించారు. మొహంలోకి మెల్లగా మనిషి రంగు వచ్చింది. పాలు ఎండలేదు. దానికి కారణం చింతగింజంతే ఇవ్వడమని మా అవ్వ ఇప్పటికీ అంటుంది. కానీ పిల్ల పిల్లలా లేదు. పాలు పీల్చడానికి కూడా దానికి ఓపిక ఉండేది కాదు. చెల్లె పిండి చెంచాతో చుక్క చుక్క పోసేది. ఆ చలికాలమంతా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాకైతే అదే పెద్ద జబ్బు. పొద్దున లేస్తే మొదట చూసేది దాని పొట్ట పైకీ కిందికీ కదులుతోందా లేదా అని.

వాళ్లత్త కోదాడ నుంచి వచ్చి పిల్లను చూసి గుమ్మంలోనే కూలబడింది. "ఏంటండీ ఇది? మా కోడల్ని నిండుగా పంపించాను. మీ ఇంట్లో తిండి పెట్టలేదా?"

"పెట్టకుంటే మీ కొడుకొచ్చి పది రోజులు తిన్నదేంది వదినె?" అంది మా అవ్వ.

నేను మధ్యలో దూరి మావి, పురుగు, అతుక్కోవడం అన్నీ చెప్పాను. ఆమె అంతా విని, "అయితే మీ ఇంట్లో పురుగులున్నాయన్న మాట," అంది. మా దోమలు పుట్టిన కాలువే వాళ్ల దిక్కుకూ పోతోందని చెప్పాలనిపించింది. కానీ తెల్లటి గోడలు నాకేసే చూస్తున్నాయి.

పిల్ల ఎండాకాలానికి తేరుకుంది. మొదటిసారి గొంతెత్తి ఏడ్చిన రోజు మా అవ్వ వీధిలోకి వచ్చి, "ఇన్నరా?" అని అందరినీ అడిగింది. అయినా పీలగానే ఉండేది. తోటి పిల్లలు నడుస్తుంటే ఇది గోడ పట్టుకుని నిలబడేది.

రెండేళ్లు దాటాక చెల్లెకు మళ్లీ నెల తప్పింది. ఈసారి కాన్పు అత్తింటి వంతు. నేను వారానికోసారి అనంతగిరి దిక్కు పోయి వచ్చేవాణ్ణి, కోదాడ దవాఖాన పని మీద పోతున్నట్టు. దోమతెర కట్టాను. డాక్టరమ్మ రాసిచ్చిన గోలీలు వారం వారం నా ముందే మింగించాను. గోడలకు మందు కొట్టిన చారలు అట్లాగే ఉంచమని వాళ్లత్తను బతిమాలాను.

"మా ఇంటికి సున్నం వేయొద్దని మీరెవరు బాబూ చెప్పడానికి?"

"సున్నం ఏసి సెడినోణ్ణి అత్తమ్మా."

ఏమనుకుందో గాని సున్నం బస్తా కొట్టంలో పెట్టించింది. సాయంత్రం అయిందంటే చెల్లె తన మెడ మీద తనే చెయ్యి పెట్టి చూసుకునేది. నేను చూస్తున్నానని తెలిస్తే చెయ్యి తీసి జడ సవరించుకునేది. నవ్వించబోతే, "ఇప్పుడొద్దన్నా, పుట్టినంక," అంది.

నెలలు నిండాయి. కోదాడ దవాఖానలో, పొద్దున పూట, మగపిల్లవాడు. పుట్టీపుట్టగానే ఏడ్చిన ఏడుపు వరండాలో ఉన్న మాకు వినిపించింది. తూకం ముల్లు ఈసారి ఆగకుండా మూడు కిలోల దగ్గరికి పోయింది. అందరం కళ్లు తుడుచుకుంటుంటే వాళ్లత్త మాత్రం కాన్పు గదిలోంచి స్టీలు టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది. కొత్త డబ్బా, మూత మీద పసుపు.

"ఆ డాక్టరమ్మ ఎక్కడ? చూడమనండి. మా ఇంట్లో పురుగులున్నాయో లేవో తేలాలి."

ఇన్నేళ్లలో మావి అడగకుండానే ఇచ్చిన మనిషి ఆమె ఒక్కతే. అదీ మా అవ్వ మీద గెలవడానికి. డాక్టరమ్మ ఆ వారం కోదాడలోనే ఉంది. ముక్క తీసి, పలక చేసి, రంగు వేసి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూసింది. మేం నలుగురం గుమ్మంలో ఇరుక్కుని నిలబడ్డాం: రెండు వైపుల అమ్మలు, నేను, నా వేలు పట్టుకుని మూడేళ్ల పిల్ల. చెల్లె మంచం ఆ గదికి ఎదురుగానే ఉంది. మెడ ఎత్తి చూస్తోంది.

"ఏమీ లేదు," అంది డాక్టరమ్మ.

వాళ్లత్త ఆగలేదు. తనే కూర్చుని కన్ను ఆనించింది. "నిజమే. గులాబి రంగు చీరలా ఉంది, మచ్చ లేదు. చూడండి వదినగారూ, మీరూ చూడండి. మా ఇంట్లో ఒక్కటీ లేదు."

మా అవ్వ కూర్చుంది, చూసింది, చెంగుతో ఆ గాజు తుడవబోతే నేను ఆపాను, మళ్లీ చూసింది. "లేవు," అని ఒప్పుకుంది. తరవాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఎందుకు లేవు బిడ్డా?"

"గోలీల వల్ల కావొచ్చు. దోమతెర వల్ల కావొచ్చు. తొలిచూలులో ఆమె ఒళ్లు నేర్చుకుంది, అందువల్ల కావొచ్చు. ఒక్క మనిషిని చూసి ఏదని చెప్పలేను."

"నేర్సుకున్నది యాడ?"

"తొలిచూలు మీ ఇంట్లోనే కదమ్మా."

మా అవ్వ లేచి నిలబడి చెంగు దులుపుకుంది. "ఇన్నవా వదినె? నేర్పింది మా ఇల్లే."

వాళ్లత్త నోరు తెరిచింది. నేను పకపకా నవ్వాను, డాక్టరమ్మ నవ్వింది, ఏమీ తెలియకుండా పిల్ల కూడా నవ్వింది. అప్పుడు మంచం మీది నుంచి చెల్లె గొంతు వినిపించింది. గట్టిగా అనలేదు.

"నేర్సుకున్నది నేను. దెబ్బ తిన్నది అది."

అందరం పిల్ల వైపు చూశాం. నా వేలు వదిలి అది టిఫిన్ డబ్బా మూతతో ఆడుకుంటోంది. మూడేళ్లది, రెండేళ్లదానిలా ఉంది. దాని మణికట్టు నా బొటనవేలంత. ఇన్నాళ్లూ పాసూ ఫెయిలూ అని నేను చేసిన పరాచికాలన్నీ నా నోట్లోనే చేదు గోలీల్లా కరిగాయి. సారు చెప్పింది నిజమే, రెండోసారి సులువే. కానీ మొదటిసారి తప్పినప్పుడు నాకు పోయింది ఒక ఏడాది మాత్రమే.

"అందుకేనమ్మా ఇట్లా తిరుగుతున్నది. దెబ్బ తినకుండా నేర్చుకునే దారి ఉండాలి," అంది డాక్టరమ్మ.

"ఆ లీకు పేపరు ఎప్పుడొస్తది మేడం?" అంది చెల్లె. నా మాట దానికెట్లా చేరిందో, నేనే ఎప్పుడో వాగి ఉంటాను.

"తెలియదు. నా చేతిలో ఉంటే రేపే. ఏళ్లు పడుతుంది, చాలా ఏళ్లు."

"ఇది పెద్దదయ్యేటాలకు?"

డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. చెప్పలేనిదానికి 'కావొచ్చు' అనే అలవాటున్న మనిషి, అది కూడా అనలేదు. ఆ ఊరుకోవడం వాళ్లత్తకు నచ్చలేదు. ముందుకు వచ్చి పిల్లను ఎత్తి చంకన వేసుకుంది.

"ఏళ్లు పడితే పట్టనివ్వండి. మా మనవరాలి పేరు మాత్రం ఇప్పుడే రాసుకోండి. వచ్చిన రోజు మొదటి సూది దీనికే."

డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సంచిలోంచి ఆ నల్ల అట్ట పుస్తకమే తీసింది, అప్పటికి దాని మూలలు నలిగిపోయాయి, పిల్ల పేరు అడిగి రాసుకుంది. నా సున్నం కథ ఉన్న పుస్తకంలోనే. రాస్తుంటే మా అవ్వ పక్కన నిలబడి వేలితో చూపించింది.

"ఊరి పేరు గూడ రాయి బిడ్డా. మాది, వాళ్లది, రెండూ."